కొసరు బరువు

వానలకు ఇంకా 24 రోజులు

ఈ పుస్తకంలో అంకెలు తప్ప ఇంకేమీ రాయకూడదని మొదటి పేజీలోనే అచ్చు వేసి ఉంది. వేసినవాళ్ల రోజుల్లో విమానాలు కాకుల్లా ఎగిరేవట, వాళ్లకి అంకెలు సరిపోయాయి. నాకు చాలవు. ఇవాళ మా విమానంలోకి నూనె ఎక్కింది! మాటలు రాయకపోతే నా గుండె కుదుటపడేలా లేదు.

నా పేరు నూకరత్నం. తోటవలస విమానశాలలో తూకం పని నాది. విమానంలోకి ఏది ఎక్కినా ఎంత బరువో చెప్పాలి, ఏది ఎక్కకూడదో కూడా నేనే చెప్పాలి. ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ తీరం నుంచి ఏదీ ఎగరలేదు కాబట్టి ఇన్నాళ్లూ నా పని రెక్కల మీద పావురాల్ని తోలడమే.

నూనె అంటే కానుగ నూనె. పదిహేడు ఊళ్ల ఆడవాళ్లు రెండేళ్లు గింజలేరి, ఆడించి, కాచి వడబోశారు. వాళ్లందరికీ పెద్ద అప్పలకొండమ్మ. మేమంతా కొండమ్మప్ప అంటాం. పొద్దున్న ఆవిడ ముందు నడుస్తుంటే వెనక బళ్ల మీద డబ్బాలు, ఆ వెనక డప్పులు. విమానశాలంతా చేదు వాసన. నాకు మాత్రం పెళ్లింటి వాసనలా ఉంది.

వెళ్లాల్సింది నల్లదీవికి. సముద్రం మీద పన్నెండొందల కిలోమీటర్లు. తుపానులు ఎడతెగకుండా పట్టుకున్నాక ఓడలు మానేశాయి, ఆఖరి ఓడ వెళ్లి నాలుగేళ్లయింది. ఆ ఓడలోనే మా ఆయన పోలినాయుడు రేడియో స్తంభం బాగుచేసి మూడు నెలల్లో వస్తానని వెళ్లాడు. ఇప్పుడు అక్కడ వచ్చేస్తామంటున్నవాళ్లు అరవై ఒక్కరు, అందులో అతనొకడు. మిగతావాళ్లు కొండ మీద ఊళ్లోనే ఉండిపోతామన్నారు. వాళ్లకి మందులూ విత్తనాలూ బియ్యమూ పట్టుకెళ్లాలి. దీవిలో రన్‌వేని సముద్రం కొంచెం కొంచెం తినేస్తోంది, ఈ వానలు పడ్డాయంటే విమానం దిగే చోటే ఉండదు. అందుకని వెళ్తే ఈ ఇరవై నాలుగు రోజుల్లోనే వెళ్లాలి.

సరే, అంకెలు. పోవడానికి నూనె 4,600 కిలోలు. రావడానికి మరో 4,600, దీవిలో చుక్క దొరకదు కాబట్టి రానుపోను మనమే మోసుకెళ్లాలి. గాలిలో అరగంట ఆగాల్సొస్తే 1,200. అనుకోనివాటికి 500. నేల మీద నడకకి 200. మొత్తం 11,100. ఖాళీ విమానం, పైలట్‌తో కలిపి 42,000. సరుకు 5,000. ఇక్కడ అన్నీ కలిపి 58,100, నేల మీదా దారిలోనూ కాలేది పోను అక్కడ చక్రాలు ఆనేసరికి 53,300 అవుతుంది. అక్కడ మిగిలింది పదిహేనొందల మీటర్ల రన్‌వే, దాని మీద 54,000 దాటితే విమానం ఆగదు. అంటే మిగులు 700 కిలోలు.

ఇంకో సంగతి. అందరూ భోజనాలకి వెళ్లాక నేనొక నలభై డబ్బాలు నా చేత్తో అదనంగా పోశాను. డబ్బాకి పదిహేను కిలోలు, ఆరొందలు. మిగులులోనే ఉంది కదా! పోలినాయుడు ఎక్కిన విమానానికి నడిసముద్రంలో నూనె అయిపోతే నేను బతకను. ఎవరికీ చెప్పలేదు, కాగితం మీదా రాయలేదు.

వానలకు ఇంకా 21 రోజులు

మొదటి పరీక్ష తప్పింది. కోపం ఇంకా దిగలేదు.

మా పైలట్ సన్యాసిరావు మావయ్య పదకొండు వేల గంటలు ఎగిరాడు, నేల మీంచి జానెడు లేవకుండా. మా విమానం కిటికీలకు తెరలు దించితే అదే మేం పెట్టె అనేది. తెరల మీద ఆకాశం, సముద్రం, రన్‌వే అన్నీ కనిపిస్తాయి, మీటలన్నీ నిజంవే పనిచేస్తాయి, విమానం మాత్రం కదలదు. చుక్క నూనె కాలదు. తెరలు ఎత్తితే అదే విమానం. మూడు అవకాశాల్లో ఒక్కసారైనా పెట్టెలో సాఫీగా దిగి ఆగితేనే తెరలు ఎత్తనిస్తారు. మూడూ తప్పితే మళ్లీ ఏడాది వరకూ పరీక్ష లేదు.

పరీక్షలో పెట్టెకి బరువు చెప్పేది నా కాగితం కాదు, చక్రాల కింద ఉన్న కాటాలు. ఆ అంకె మాకు చూపించరు. పరీక్షాధికారి వసుంధరగారి కవర్లో సీలు వేసి ఉంటుంది. పైలట్‌తోపాటు తూకం వేసేదానికీ పరీక్షే మరి.

మావయ్య చెప్పులు విప్పి, మీటలకి దణ్ణం పెట్టి, చోడి అంబలి కుండ కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు. నేను వెనక బల్ల మీద. గంటా నలభై నిమిషాలు సముద్రం మీదే! తెర మీది బొమ్మే అని తెలిసినా మబ్బులోంచి దీవి బయటపడినప్పుడు నేను "అదిగో!" అని లేచి నిలబడిపోయాను. చక్రాలు గీత మీదే ఆనాయి. ఇంజన్లు వెనక్కి ఊదాయి. రన్‌వే చివరి తెల్లగీత పరిగెత్తుకుంటూ వచ్చి మా కిందనుంచి వెళ్లిపోయింది. ఎర్రదీపం వెలిగింది. రన్‌వే దాటి 140 మీటర్లు, నీళ్లలో.

"బ్రేకు తొక్కావా మావయ్యా?" అన్నాను.

"తొక్కకపోతే కాలు దాని మీద పెట్టుకుని జోల పాడేనేటే? నీ తూకం సూసుకో ముందు!"

నా తూకమా! మూడుసార్లు కూడి చూశాను. నా నలభై డబ్బాలతో కలిపినా 53,900. వంద కిలోలు ఇంకా మిగులే. తప్పు నాది కాదు.

వానలకు ఇంకా 18 రోజులు

గురువారం. రేడియోలో పది నిమిషాలు.

"నా బరువెంతో సెప్పుకో సూద్దాం" అన్నాడు పోలినాయుడు రావడంతోనే.

"డెబ్బై రెండు. నేనే కదా తూచి ఓడెక్కించింది."

"యాభై తొమ్మిది. సేపల కాటా అబద్దమాడదు."

పదమూడు కిలోల మనిషి ఎక్కడికి పోయాడు? తనే నవ్వుతూ, "నీకు లాభమే కదే, తూకం తగ్గింది" అన్నాడు. తిట్టాను. అరవై ఒక్కరినీ అదే కాటా మీద తూచి పేర్లతో రాసి ఉంచమన్నాను. రోజూ రన్‌వే పొడవునా అడుగులేస్తున్నాడట. ఈ వారంలో పన్నెండు మీటర్లు కోసుకుపోయింది.

"ఎగురుద్దంతావా రత్నం?"

"ఎగరడానికేం, ఎగురుతుంది. ఆగాలి" అన్నాను. పది నిమిషాలు అయిపోయాయి.

వానలకు ఇంకా 15 రోజులు

రెండో పరీక్షా తప్పింది.

ఈసారి ఇరవై బియ్యం బస్తాలు, ఐదొందల కిలోలు, దించేయించాను. సరుకుల కొట్టు చూసే సింహాచలం నన్ను రాక్షసిని చూసినట్టు చూశాడు. మావయ్య రెక్కల వెనక రేకులు పూర్తిగా దించి, ఎంత మెల్లగా రావచ్చో అంత మెల్లగా వచ్చాడు. అంత అందంగా దిగడం నేను ఎన్నడూ చూడలేదు. అయినా రన్‌వే దాటి 90 మీటర్లు.

"పెట్టె పాడైందండీ!" అని వసుంధరగారి మీదకి వెళ్లాను. ఆవిడ పెన్ను మూసి జేబులో పెట్టుకున్నారు.

"పెట్టెని నేను మూడుసార్లు పరీక్షించాను. నీ కాగితంలో ఉన్న విమానం ఒకటి, కాటా మీద నిలబడింది ఇంకొకటి. ఎందుకో నువ్వే పట్టుకోవాలమ్మా. ఇంకొక్క అవకాశమే ఉంది."

వెంటనే అందర్నీ వరసగా నిలబెట్టి అడిగాను. నేను చెప్పినంతే పోశారా? నేను రాసినంతే ఎక్కించారా? "సత్యప్రమాణంగా" అన్నాడు సింహాచలం. "పదకొండు వేల నూరు. సుక్క తగ్గితే నా పేరెట్టి పిలవకు" అంది కొండమ్మప్ప. మావయ్య అంబలి తాగుతూ తల ఊపాడు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం.

వానలకు ఇంకా 12 రోజులు

పట్టుకున్నాను! పట్టుకున్నాను! రాస్తుంటే అక్షరాలు పక్కకి పోతున్నాయి.

పొద్దున్న మా వంతు దీపం నూనె తెచ్చుకుందామని సీసా పట్టుకుని గానుగ దగ్గరికి వెళ్లాను. కొండమ్మప్ప శేరు పాత్రతో కొలిచి, అంచు మీద వేలితో రాసి, బొట్టు తేడా లేకుండా సీసాలో పోసింది. తర్వాత పాత్ర మళ్లీ ముంచి ఇంకో గుక్కెడు ఒంపింది. చిన్నప్పటినుంచీ చూస్తున్నదే. ఇవాళ మాత్రం నా కాళ్లు అక్కడే అతుక్కుపోయాయి.

"ఇదేంటప్పా?"

"ఇదేటేటే? కొసరు."

"విమానానికి కూడా వేశావా?"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఎయ్యకుండా ఎలగ పంపుతాన్నే? పదికొకటి ఎప్పుడూ ఉన్నదే కదా. సముద్దరం మీద పోయే బండికి కొసరెయ్యకపోతే నన్ను మడిసంటారేటి?"

పదికొకటి. పదకొండు వందల పది కిలోలు!

"మరి నేను అడిగితే పదకొండు వేల నూరే పోశానన్నావు కదా!"

"తూకం అడిగావు, తూకం సెప్పాను. కొసరుకి లెక్కేటే? లెక్కెడితే అది కొసరవుద్దా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సీసా అక్కడే వదిలేసి సరుకుల కొట్టుకి పరిగెత్తాను. "ఒరే సింహాచలం, కొసరెంత వేశావు?" అని అడిగాను. ఎక్కించినదెంత అని కాదు, కొసరెంత అని! ఆ మాట పట్టుకుని అడిగేసరికి వాడు వెంటనే పదహారు బస్తాలన్నాడు. "ఆళ్లకి ఇదే ఆఖరి మూట కదప్పా, సేతులెలగాడతాయి?" నాలుగు వందల కిలోలు.

అక్కణ్ణించి మావయ్య దగ్గరికి. ఆయన కొంచెం నీళ్లు నమిలాడు.

"నూనె ఎక్కించే కుర్రగుంటల్తో ఒక ఐదొందలు ఎక్కువెయ్యమన్నాను. ఏం సెయ్యనే, అలవాటు. పెట్టెలో నూనె ఊరికే వస్తాది. ముప్పయ్యేళ్లు టాంకు నిండా పోసుకునే ఎగిరాను. ఎక్కడికెళ్లినా కిలోమీటరు పొడుగు మిగిలిన రన్‌వేలే. బరువన్నది ఎప్పుడు తగిలింది నాకు?"

అందరి మీదా అరిచాను. బుద్ధుందా అన్నాను, ప్రాణాలతో చెలగాటమా అన్నాను. అరుస్తూ అరుస్తూ విమానం నీడలోకి వచ్చేసరికి నా ఖాళీ డబ్బాలు నలభై గోడవార పేర్చి కనిపించాయి. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడు.

కొండమ్మప్పది 1,110, సింహాచలానిది 400, మావయ్యది 500, నాది 600. మొత్తం 2,610. మిగులున్నది 700. ఆ ఏడొందల్నీ ఒకరికి తెలియకుండా ఒకరం నలుగురం నాలుగుసార్లు వాడేసుకున్నాం. ఒక్కళ్లకీ చెడు ఉద్దేశం లేదు. ప్రేమ ఎక్కువై సముద్రంలో పడ్డాం.

వానలకు ఇంకా 11 రోజులు

పట్టుకోవడం తేలికే. దించడమే గండం.

"ఇచ్చిన కొసరు ఎనక్కి తీసుకోడం మా ఇంటా వంటా లేదు" అని కొండమ్మప్ప రెక్క కింద మఠం వేసుకుని కూర్చుంది. పదిహేడు ఊళ్ల ఆడవాళ్లూ ఆవిడ చుట్టూ కూర్చున్నారు. "నూనె తీసీసినాక ఆళ్లు నడిసముద్దరంలో ఆగిపోతే? నీ మొగుడు కూడా ఉన్నాడు కదే అందులో?"

అదే కదా నా భయం కూడా! అప్పుడు చెప్పేశాను, అందరి ముందూ. నలభై డబ్బాలు దొంగతనంగా పోసింది నేనేనని. గుంపు గొల్లుమంది. మావయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. నేను రెక్క కిందున్న కుళాయి తిప్పి మొదటి డబ్బా పట్టాను.

నలభై డబ్బాలూ నేనే మోశాను. పదో డబ్బా దాకా పౌరుషం నడిపించింది. ఆ తర్వాత భయమే. పోయాల్సింది నేనే తోడేస్తున్నాను, ఈ డబ్బా చాలకే అతను రాకపోతే? ఆపి కాగితం చూసుకున్నాను. అరగంటకి 1,200 ఉంది. అనుకోనిదానికి 500 ఉంది. ఉంది కదా రత్నం, నువ్వే రాశావు కదా, నీ చేతిరాతని నువ్వే నమ్మకపోతే ఎవరు నమ్ముతారు? మళ్లీ డబ్బా పట్టాను.

ముప్పయ్యో డబ్బా దగ్గర కొండమ్మప్ప లేచి వచ్చింది.

"నూనె ఎక్కువుంటే మంచిదే కదే. ఎందుకే ఈ పిసినిగొట్టు లెక్క?"

"నూనె మొయ్యడానికీ నూనే కాలుతుందప్పా. పైగా అక్కడ దిగాక రోడ్డు చాలదు. అనుకోనిదానికి నేను ముందే వేసే ఉంచాను, చూడు. ఇది లెక్కలో ఉన్న కొసరు."

"లెక్కలో ఉన్నదాన్ని కొసరనకు. నాకు కోపమొత్తాది." కొంగు బిగించి నన్ను పక్కకి తోసింది. "లెగు. నా సేత్తో పోసింది నా సేత్తోనే తీత్తాను. నువ్వు తీత్తే ఒలకబోత్తావు."

ఇవాళ గురువారం కదా, రేడియోలో పోలినాయుడికి ఇదంతా చెప్పేసరికే తొమ్మిది నిమిషాలైపోయాయి. మిగిలిన నిమిషమంతా అతను నవ్వాడు. నాలుగేళ్లలో అంత సేపు నవ్వడం ఇదే మొదటిసారి.

వానలకు ఇంకా 8 రోజులు

ఆగింది!

ముందు ఆ మాట రాసేసి మిగతాది రాద్దామనుకున్నాను. ఆగింది, ఆగింది, ఆగింది! సముద్రం తినగా మిగిలిన 1,488 మీటర్లలో, ఇంకా 55 మీటర్లు ముందుండగా, ఆగి నిలబడింది. దించిన బియ్యమంతా మళ్లీ ఎక్కించాం, ఐదు వేలకి ఐదు వేలు, అయినా ఆగింది. పచ్చదీపం వెలిగితే చిన్న గంట మోగుతుందని మాకెవరికీ తెలియదు, ఎప్పుడూ వెలగలేదు కదా. మావయ్య ఆ గంట విని బ్రేకు మీంచి కాలు తియ్యడం మర్చిపోయాడు. నేను ఆయన భుజాలు పట్టి ఊపేశాను. బయట డప్పులు, లోపల ఇద్దరం ఏడుపు.

వసుంధరగారు మూడు కవర్లూ చింపారు. నా కాగితం 58,100. కాటా 58,104.

"నాలుగు కిలోలు ఎక్కువ" అన్నారు ఆవిడ కళ్లజోడు సర్దుకుంటూ.

నేను వెతకనక్కర్లేకపోయింది. అంబలి కుండ మావయ్య కాళ్ల దగ్గరే ఉంది. "అది కొసరు కాదే," అన్నాడాయన కుండని చేతులడ్డం పెట్టి కాచుకుంటూ, "అది కడుపు." వసుంధరగారు నవ్వి సంతకం పెట్టారు. ఆవిడకి పళ్లున్నాయని ఇవాళే చూశాం.

వానలకు ఇంకా 5 రోజులు

తెల్లారి ఆరున్నరకి తెరలు ఎత్తారు. కిటికీలోంచి ఎండ సూటిగా మీటల మీద పడింది. మావయ్య చాలాసేపు అద్దంకేసి చూశాడు. వణుకుతున్నాడేమో అనుకున్నాను. "రత్నం, గుడ్డ ముక్క తే. అద్దానికి దుమ్ముందే" అన్నాడు. పదకొండు వేల గంటల్లో ఆయన కిటికీకి దుమ్ము పట్టడం ఇదే మొదటిసారి.

నేను ఎక్కలేదు. అందరూ ఎక్కమన్నారు, మొగుడు ఎదురుచూస్తుంటే ఇదేం మనిషన్నారు. యాభై ఎనిమిది కిలోలు! నాలుగు కిలోల కుండ మీద గొడవ పడ్డదాన్ని, నన్ను నేను కొసరు వేసుకుంటానా? కింద నిలబడి చెయ్యి ఊపాను. ముప్పై ఒక్క ఏళ్ల తర్వాత ఒక విమానం మా నెత్తి మీంచి వెళ్లింది. పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. కొండమ్మప్ప రెండు చేతులూ జోడించి, "నా నూనె! అది నా నూనె!" అని కేకలు పెట్టింది.

తర్వాత రేడియో ముందు గంటా నలభై నిమిషాలు. ఆ పైన ఇంకో నాలుగు నిమిషాలు, వాటి గురించి రాయలేను. అప్పుడు మావయ్య గొంతు, మామూలుగా, అంబలి అడిగినట్టు:

"ఆగాం. ముందు అరవై మీటర్లు మిగిలింది."

విమానశాలంతా అరుపులు. వాటిలోంచే నేను పుస్తకం తీసి, సరుకు దించాక పోలినాయుడు చదువుతున్న బరువుల్ని ఒక్కొక్కటిగా రాసుకున్నాను. ఒకటో పేరు, నలభై ఏడు. రెండో పేరు, అరవై మూడు. ముప్పై నాలుగోది పోలినాయుడు, యాభై తొమ్మిది. అరవై ఒకటోది దమయంతి, యాభై ఒకటి. కింద గీత కొట్టాను. మొత్తం, మూటలతో కలిపి 3,390. రన్‌వేకి సరిపోతుంది, నూనెకి సరిపోతుంది, నా లెక్కకి సరిపోతుంది.

"గీత కొట్టీసినావేటి?" అన్నాడు పోలినాయుడు.

"కొట్టాను. అరవై ఒక్కరు కదా."

"అరవై ఒక్కరే. ఇంకో కొసరుంది."

నా పెన్ను ఆగిపోయింది. అప్పుడు వినిపించింది, రేడియోలో, అతని గొంతు పక్కనే, సన్నగా, కోపంగా, పిల్లి కూతలాంటి ఏడుపు.

"దమయంతికి నిన్న పొద్దున్న పుట్టింది. ఆడపిల్ల. దమయంతిని మొన్న తూసినప్పుడు ఇది కడుపులోనే ఉంది. సేపల కాటా తెమ్మంటావా? ఎంతో సూసి సెప్తాను."

కొండమ్మప్ప నా భుజం మీంచి వంగి వింటోంది. ఆవిడ మొహం చూశాను. ఆవిడ నా మొహం చూసింది.

"వద్దు," అన్నాను, "లెక్కెడితే అది కొసరవుద్దా? తలుపులు మూసి బయల్దేరండి."

ఇది రాస్తూ రన్‌వే గట్టు మీద కూర్చున్నాను. అరవై రెండో వరసలో పేరు గడిలో 'దమయంతి కూతురు' అని రాశాను. బరువు గడి ఖాళీగా వదిలేశాను. వసుంధరగారు చూశారు, దిద్దమనలేదు. తూర్పున శబ్దం వినిపిస్తోంది. కొండమ్మప్ప అప్పుడే గుక్కెడు కానుగ నూనె అరచేతిలో వేసుకుని, పసిపిల్ల అరికాళ్లకి రాయాలని నిలబడి ఉంది.